ఎద్దులు తప్పిపోయిన వారం

ఈ లోయకు మొదట వచ్చి పాతుకుపోయినవాణ్ణి నేనేనని ఏటా ఊరి పిక్నిక్‌లో నన్ను బల్లెక్కించి, ధైర్యం గురించి చెప్పమంటారు. నిజానికి మొదటి ఏడే పారిపోబోయాను.

మిడతలు గోధుమ చేనంతా మేసేశాయి. "ఓర్ఫా, మూటలు కట్టు. మంచు పడేలోగా కనుమ దాటి మళ్ళీ మన మిస్సోరీకి వెళ్ళిపోదాం," అన్నాను. మా ఆవిడ మారుమాట్లాడకుండా కట్టింది.

తెల్లారి చూస్తే బండి కట్టడానికి ఎద్దులు లేవు. ఆరు రోజులు కొండలన్నీ గాలించాను. ఎద్దుల్నీ, తోడేళ్ళనీ, దేవుణ్ణీ వరసపెట్టి తిట్టాను. వాగులో పడి ఒక బూటు పోగొట్టుకున్నాను. ఏడో రోజు మంచు పడి కనుమ మూసుకుపోయింది. మర్నాడు ఎద్దులు నింపాదిగా ఇంటికొచ్చాయి, బాగా ఒళ్ళు చేసి.

ముప్ఫయ్యేళ్ళుగా ఈ కథే చెప్పి నవ్విస్తున్నాను. నిన్న బల్ల దిగుతూ, "ఇంతకీ అవి ఎక్కడ దాక్కున్నాయో!" అన్నాను.

"దాక్కోవడమేంటయ్యా! కొండ వెనక నేనే కట్టేశాను. నువ్వటు వెళ్ళగానే ఇటెళ్ళి మేతేసి వచ్చేదాన్ని," అంది ఓర్ఫా.

"ఎందుకే?"

"ఆ వేసవిలోనేగా మన పాపను ఇక్కడ పాతిపెట్టాం. దాన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా రాను?"

ముప్ఫయ్యేళ్ళ ఉపన్యాసాల్లో రెండెద్దుల పేర్లూ చెప్పాను. పాప పేరు ఒక్కసారీ ఎత్తలేదు.