సుల్తాను చేవ్రాలు

హులిగమ్మ తన ఇంటి అరుగుమీద పసుపుగుడ్డ విప్పింది. అందులో ఒక చిన్న ఇత్తడి గిన్నె, ఒక ఫర్మానా ఉన్నాయి. ఆదోని కోట యుద్ధంలో చనిపోయిన ఆ ఇంటి పూర్వీకుడి పేర బిజాపూరు సుల్తాను ఇచ్చిన ఫర్మానా అది. పైన రాతంతా వెలిసిపోయింది. అడుగున సుల్తాను చేవ్రాలు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది.

ఆదోనిలో పత్తి వ్యాపారం గుమాస్తాలకు వదిలేసి, పాత రాజుల చేవ్రాళ్ల కోసం పల్లెలు తిరిగే మా నాన్న దానిమీదికి వంగాడు.

"రాత ఏమైందవ్వా?" అని అడిగాను.

"పిల్లోల్లకు జరమొస్తే రోంత రాత ఈ గిన్నెలో కడిగి తాపుతామమ్మా. మా అత్త అట్లే సేసె, నేనూ అట్లే సేసినా."

"చేవ్రాలు మిగిలింది, మన అదృష్టం," అన్నాడు నాన్న.

"దానంతట అదే మిగల్లేదప్పా, నేను మిగిలిచ్చినా. పోయినేడు వచ్చి, ఇది ఒక్కటి తడపొద్దు, మల్లొస్తానని సెప్పిపోతివి గదా. శ్రావణంలో మా మనమడు జయన్నకు జరమొచ్చె. నీకు మాటిచ్చినానని ముట్టలేదు."

డబ్బు కోసం జేబులోకి పోయిన నాన్న చేయి అక్కడే ఆగిపోయింది.

ఆమె ఫర్మానాను మడిచి, దానిమీద గిన్నె కూడా పెట్టి నా చేతికిచ్చింది.

"తీసుకపోమ్మా. ఇంగ ఈ ఇంట్లో తాగేటోల్లు ల్యారు."