సోమవారం నాటి పచ్చ

మధ్యాహ్నం బస్సుకి సడన్ బ్రేకు పడి, సీటు రాడ్డు కండక్టర్ నూకరత్నం కడుపుకి గట్టిగా తగిలింది. సాయంత్రానికల్లా కడుపులోని ఎనిమిదో నెల బిడ్డ కదలడం మానేసింది. నెత్తురు పరీక్షించి, ప్రమాదముంటే ఎర్రబడాలని గర్భిణులందరికీ తొడిగే సర్కారు గాజు మాత్రం ఆమె చేతికి పచ్చగానే వెలుగుతోంది.

ఆసుపత్రిలో ప్రసూతి వార్డు తలుపు ఎర్రగాజులకే తెరుచుకుంటుంది. ఎవరో ఎర్రగాజు మనిషి లోపలికి వెళ్తుంటే, నూకరత్నం వెనకాలే దూరి గడప మీద కూర్చుంది. తలుపు మూసుకోలేక గింజుకుంది.

"పచ్చగా ఉంటే క్షేమమేనమ్మా, ఇంటికెళ్లు," అంది నర్సు హేమలత.

"ఈ గాజు నెత్తురెప్పుడు సూత్తాది సిస్టరమ్మా?"

"ప్రతి సోమవారం."

"దెబ్బ తగిలింది ఇయాల, గురువారం. సోమవారం టికెట్టుతో గురువారం బస్సెక్కితే నానూరుకుంటానా? నా నెత్తురు ఇప్పుడు సూడండి. అందాకా నానెల్లను!"

హేమలత వెంటనే ముసలి ల్యాబ్ టెక్నీషియన్ అప్పలనర్సయ్యను పిలిచింది. ఆయన ఆమె నెత్తురు చుక్కని యాసిడ్‌తో కడిగి, రంగు పట్టించి, మూలనున్న మైక్రోస్కోపు దుమ్ము దులిపి చూశాడు. వెలిసిపోయిన తల్లి కణాల మధ్య బిడ్డ కణాలు గులాబీ రంగులో గుంపులుగా ఉన్నాయి.

"బిడ్డ నెత్తురు తల్లిలోకి కారిపోతోంది! డాక్టరమ్మని పిలవండి!"

గంటలోపే డాక్టరు కడుపులోకి సన్నని సూది దింపి, బొడ్డుతాడు గుండా బిడ్డకి రక్తం ఎక్కించింది. కాసేపటికి నూకరత్నం డొక్కలో ఒక తన్ను పడింది.

గాజు అప్పటికీ పచ్చగానే ఉంది. ఆమె దాన్ని ఊడదీసి హేమలత చేతిలో పెట్టింది.

"సోమవారం దాకా నువ్వే తొడుక్కో. మా కబురు మేమే సెప్పుకుంటాం."