నీరసం మోటారు

"ఇంతకంటే నీరసం మోటారు లేదా?"

పడవ మోటార్లు అమ్మే షాపాయన చేతిలో దుమ్ము గుడ్డ ఆగిపోయింది. వచ్చిన ప్రతివాడూ ఇంకాస్త జోరున్నది చూపించమంటాడు గానీ, నీరసంగా ఉన్నది కావాలన్నవాణ్ణి ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూడలేదు.

"బ్యాటరీ మోటార్లలో ఇదే చిన్నది సార్. చప్పుడుండదు, చేపలు బెదరవు. మీ చిన్న పడవనీ, ఇద్దరు మనుషుల్నీ లాక్కుని ఏటికి ఎదురు హాయిగా పోతుంది."

"అదేనండీ నా ఖర్మ! ఇద్దరితో పోకూడదు. ఇద్దరెక్కితే మొరాయించాలి. ఒక్కడినైతే లాగాలి."

"ఆ రెండోవారెవరు సార్?"

కొనడానికొచ్చినాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా అత్తగారు. ప్రతి ఆదివారం నాకంటే ముందొచ్చి పడవలో కూర్చుంటుంది. నా పక్కనే గాలం వేస్తుంది. చేపలన్నీ ఆవిడకి, నాచంతా నాకు! వారమంతా ఆఫీసులో గొడ్డు చాకిరీ చేసేది ఆ ఒక్క పూట కోసమండీ. పోనీ రావద్దని నోరు తెరిచి అందామంటే మా ఆవిడ నన్ను బతకనిస్తుందా? ఆ మాట మోటారే అనాలి."

షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. బూజు దులుపుతూ ఒక బక్క మోటారు దించాడు.

"ఎవరికీ చూపించడానికే సిగ్గేసి పైన పడేశాను సార్. దీని ఓపిక ఒక్క మనిషికే. రెండో మనిషి ఎక్కితే రేవు కూడా దాటదు."

"ఇదీ మోటారంటే!"

అల్లుడు దాన్ని పసిపిల్లలా చంకనెత్తుకుని, దారంతా ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

ఆదివారం రేవుకి వెళ్ళేసరికి అత్తగారు టోపీ పెట్టుకుని, ఎరల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పడవలో సిద్ధంగా ఉంది.

"కొత్త మోటారా బాబూ! ఇక తెడ్డు తిప్పలు తప్పాయన్నమాట."

"మీకోసమే అత్తయ్యగారూ!"

మోటారు బిగించి హ్యాండిల్ తిప్పాడు. అది సన్నగా మూలిగింది. పడవ కాస్త ముందుకు పోయి, ప్రవాహం తగలగానే ఆగి, మెల్లగా వెనక్కొచ్చి రేవుని ఆనుకుంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ వెనక్కొచ్చింది. అల్లుడికి లేచి గంతులేయాలనిపించింది. పళ్ళ బిగువున నవ్వాపుకుని మొహం వేలాడేశాడు.

"అయ్యయ్యో! మనిద్దరినీ లాగలేకపోతోందండీ. ఒకరు దిగక తప్పదు."

"అంతేనంటారా?"

"ఏం చేస్తాం చెప్పండి! నాకు మాత్రం మనసొప్పుతుందా?"

అత్తగారు నిట్టూర్చింది. "సరే లెండి. మోటారుతో పోట్లాడతామా? కాస్త చెయ్యందించండి బాబూ, మెట్లు జారుడుగా ఉన్నాయి."

"ఉండండుండండి, మీరు తొందరపడకండి!"

అల్లుడు ఒక్క గెంతులో మెట్ల మీదికి దూకాడు. అంత మర్యాద పెళ్ళినాడు కూడా చూపించి ఉండడు. నడుం వంచి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

అత్తగారు లేచింది. లేచి, వెనక్కి నడిచి, మోటారు పక్కన కుదురుగా కూర్చుని హ్యాండిల్ తిప్పింది. పడవ సర్రున జారిపోయింది. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి.

"అత్తయ్యగారూ! నేను... నా గాలం..."

ఏటి మధ్యలోంచి ఆవిడ ఆనందం పట్టలేక కేకేసింది.

"సరిగ్గా ఒక్కరినే లాగే మోటారు! మూడు నెలలుగా ఎన్ని షాపులు గాలించినా నాకు దొరకలేదు, మీకెక్కడ దొరికింది బాబూ?"