సైనికుడి బిళ్ళలు

"సైనికుడి బిళ్ళలా? అన్నీ గున్నమ్మ పట్టుకుపోనాది సార్!"

యుగంధర్ ఈ మాట వినడం ఇది నాలుగో కొట్లో.

యుద్ధాల గుర్తుగా వచ్చిన నాణేలంటే అతనికి ప్రాణం. పాకిస్తాన్‌తో అరవై ఐదులో జరిగిన యుద్ధానికి యాభయ్యేళ్ళు నిండినప్పుడు ఐదు రూపాయల బిళ్ళలు వచ్చాయి. మామూలు చిల్లరలోనే తిరుగుతాయి. వాటిలో ఒకానొక టంకశాల గుర్తున్న బిళ్ళ మాత్రం అతనికి దొరకలేదు. దానికోసమే శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా కొట్లన్నీ జల్లెడ పడుతున్నాడు. ఎక్కడికెళ్ళినా తనకంటే ముందు ఎవరో ఊడ్చేస్తున్నారు.

"ఎవరు ధనరాజూ ఆ గున్నమ్మ? ఏ షావుకారు కోసం ఏరుతోంది?"

కొట్టు ధనరాజు పకపకా నవ్వాడు.

"షావుకారేటి సార్! ఎండుసేపలమ్మే ముసల్ది. అదిగో, ఒడ్డుకి ఎల్తన్నాది."

యుగంధర్ ఇసకలో పరుగెత్తాడు.

అప్పటికే ముసలమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. కొంగుముడి విప్పి, ఒక్కో బిళ్ళా నుదుటికి అద్దుకుని, అలలోకి వదులుతోంది.

"ఏయ్! ఆగు!"

ఆగలేదు. చివరి బిళ్ళ కూడా మునిగిపోయింది.

"పిచ్చా నీకు? వాటికోసం నేను ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నానో తెలుసా?"

"ఏటి బాబూ, అలగరుస్తావు? సచ్చిపోనోళ్ళ బిళ్ళలు. బ్రాందీ షాపుల్లో, పేకాటల్లో తిరగొచ్చేటి?"

"చచ్చిపోయినవాళ్ళవా?"

"సరిగ్గా సూసినావా ఎప్పుడైనా? తుపాకీ తిరగేసి, పైన టోపీ ఎట్టున్నాది. సమాధి కాదేటది? ఎంతమంది పోనారో అన్ని బిళ్ళలు కొట్టుంటారు. శవం ఇంటికి రానోళ్ళని గంగలో కలపద్దూ?"

మొగుడో కొడుకో యుద్ధంలో పోయుంటాడు, పాపం అనుకున్నాడు యుగంధర్. కానీ కళ్ళముందే బిళ్ళలు పోయిన మంట చల్లారలేదు.

ఆమె ఆయాసపడుతూ ఒడ్డెక్కింది.

"ఏరబట్టి పదేళ్ళయినాది. సదువుకున్నోడివి, సెప్పు బాబూ. ఇంకెన్నుంటాయి? నాను పోయేలోగా అయిపోతాయా?"

"అయిపోవడమా! లక్షల్లో కొట్టారు, లక్షల్లో!"

ముసలమ్మ అతని మొహంలోకి చూసింది.

"లచ్చల మంది సచ్చిపోనారా?"

కాదని చెప్పడం నిమిషం పని. రోడ్డు మీద శ్రీకాకుళం బస్సు హారన్ కొట్టింది. అతను విసురుగా వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే ధనరాజు ఫోన్ చేశాడు.

"మీ బిళ్ళ దొరికినాది సార్. ఇప్పుడు గల్లాపెట్టి నిండా అవే."

"గున్నమ్మ ఏరడం మానేసిందా?"

"ఆ రోజు నుంచీ అన్నమే మానీసినాది సార్. 'లచ్చల మందిని నానొక్కర్తినీ ఎలగ సాగనంపగల్నురా' అని ఒకటే ఏడుపు. మొన్న పోనాది."

యుగంధర్ ఫోన్ చెవికి అదుముకున్నాడు.

"ఆవిడ యుద్ధంలో పోగొట్టుకున్నది కొడుకునా, మొగుడినా?"

"యుద్ధమేటి సార్! ఆవిడికి పెళ్ళే అవ్వనేదు. మా ఒడ్డుకి దిక్కునేని శవం ఏదొచ్చినా, నా కొడుకేనని ఏలిముద్రేసి, తనే కొరివెట్టేది. ఠాణా కాయితాల్లో గున్నమ్మకి నలభయ్యొక్కమంది కొడుకులు."