అడ్డుమొక్క

కొత్త అపార్ట్‌మెంటుకీ పక్కింటికీ మధ్య మొక్కల అడ్డు లేకపోతే నగరపాలక సంస్థ ఆఖరి అనుమతి ఇవ్వదు. మధ్యాహ్నమే తనిఖీ. తోటమాలి నాటిన వరసలో ఒక మొక్క మళ్ళీ మాయమైంది. అదీ సరిగ్గా పక్కింటి వంటగది కిటికీ ఎదుట.

అతను రుసరుసలాడుతూ వెళ్ళి ఆ ఇంటి తలుపు కొట్టాడు. "మీరేనా పెద్దమ్మా పీకింది?"

"ఈ మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దిగడమే కష్టం నాయనా! అనుమతి రాకముందే ఆ కింది ఫ్లాటులో చేరింది నా కూతురే. మాటామాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశాం. నా మొహం చూడలేకే ఈ అడ్డు పెట్టిస్తోంది."

"కాదమ్మా, అది రూలు." ఆమె నమ్మలేదు.

అతను తిరిగొచ్చి గుంతలో కొత్త మొక్క పెడుతుంటే ఆ కూతురు గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పీకింది నేనే బాబాయ్. ఇక్కడొక్కచోట వదిలెయ్. పొద్దున్నే అమ్మ లేచిందో లేదో నాకెలా తెలుస్తుంది?"