చలికి రాటుదేలిన బ్యాటరీ

నువ్వు ఉత్తరంలో రాసినట్టు కాదమ్మా మనవరాలా, మన పక్క ట్రైలర్ వాసిల్ ఆ రోజు వెళ్ళింది దొంగని పట్టుకోవడానికి కాదు, పళ్ళ కోసం.

సరస్సు ఒడ్డున వేసవికి ఉండే ట్రైలర్ ఇళ్ళన్నీ చలికాలానికి మూసేసి, గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసి, ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు అది. ఇక మే నెల దాకా అటు ఎవరూ తొంగిచూడరు.

ఇంటికెళ్ళి ఉడికించిన కజ్జికాయలాంటి పెరోగీ నోట్లో పెట్టుకున్నాక గానీ వాసిల్‌కి కట్టుడు పళ్ళు గుర్తు రాలేదు. అవి ట్రైలర్‌లో, గ్లాసులో ఉండిపోయాయి.

ఎలాగూ వెళ్తున్నావు కదా, ట్రైలర్ దీపాలకి కరెంటిచ్చే ఆ బ్యాటరీ కూడా ఊడదీసి తెచ్చెయ్యమంది భార్య తెక్లా. ఇక్కడి మానిటోబా చలికి ఇనుమే పగులుతుంది, బ్యాటరీ ఒక లెక్కా అంది.

ఆ మాట ఆవిడ ప్రతి ఏడూ అంటుంది. ఆయన ప్రతి ఏడూ వినడు.

ఇంట్లో పెట్టి గారాబం చేస్తే బ్యాటరీ పాడవుతుందని, చలిలో వదిలేస్తేనే రాటుదేలుతుందని వాసిల్ సిద్ధాంతం. ఏళ్ళ తరబడి తన బ్యాటరీ ట్రైలర్‌లోనే చలికాలం గడుపుతోంది. మేలో మీట నొక్కగానే దీపం వెలుగుతోంది. ఇంతకన్నా రుజువేం కావాలి?

మేలో అందరూ చేరిన మొదటి సాయంత్రం మంట చుట్టూ కూర్చోబెట్టి ఇదే బోధించేవాడు. విని విని చుట్టుపక్కల వాళ్ళు కూడా బ్యాటరీలు వదిలేసి వెళ్ళడం మొదలెట్టారు. బ్యాటరీ మాట వస్తే ఆ ఒడ్డుకి వాసిలే పెద్ద దిక్కు. ఆ పెద్దరికమంటే ఆయనకి ప్రాణం.

పళ్ళ కోసం వెళ్ళేసరికి, ఎవరో తన ట్రైలర్ ముందు వంగుని బ్యాటరీ ఎత్తుతున్నారు.

ఎయినార్.

రోడ్డుకి అవతల ఏడాది పొడుగునా ఒంటరిగా ఉండే ముసలాయన. ఎవరూ పిలవకపోయినా మొదటి సాయంత్రం మంట దగ్గరకొచ్చి, ఓ మూల కూర్చుని, పలకకుండా లేచి వెళ్ళిపోతాడు.

పక్కన తోపుడుబండిలో ఇరుగుపొరుగు వాళ్ళ బ్యాటరీలు అప్పటికే వరసగా పేర్చి ఉన్నాయి.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఏంటీ పని?" అన్నాడు వాసిల్. పళ్ళు లేని నోట్లోంచి కోపం సగం గాలిగా పోయింది.

ఎయినార్ తీరిగ్గా నడుం నిటారు చేసుకున్నాడు.

"చలి ముదురుతోంది కదా. పగిలిపోతాయని తీసుకెళ్తున్నా."

"ఇన్నేళ్ళూ పగలనిది, ఈ ఏడు నీకోసం పగులుతుందా?"

ఎయినార్ ఏదో చెప్పబోయాడు. వాసిల్ ముఖం చూసి ఆగిపోయాడు. గడ్డంలో చిన్న నవ్వు కదిలింది.

"అదీ నిజమేలే," అన్నాడు.

బ్యాటరీలన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వాసిల్ పళ్ళు పెట్టుకుని అందరికీ ఫోన్లు చేశాడు. దొంగ దొరికాడని, పైగా సిగ్గులేకుండా నవ్వాడని చెప్పాడు. ఆ వారంలోనే అందరూ తిరిగొచ్చి, ఒక్కో బ్యాటరీకి ఒక్కో గొలుసు చుట్టి, తాళాలు బిగించారు.

ఆ తర్వాత ఎయినార్‌కి ఊళ్ళో పలకరింపులు ఆగిపోయాయి. ఆయన కొట్లోకి వస్తే ఆడవాళ్ళు చేతిసంచులు చంకలోకి లాక్కునేవారు.

మంచు కరగకముందే ఇల్లు అమ్మేసి, ఎక్కడో చెల్లెలి ఊరికి వెళ్ళిపోయాడు. పీడ వదిలిందన్నాడు వాసిల్.

మే వచ్చింది. అందరూ చూస్తుండగా వాసిల్ మీట నొక్కాడు.

దీపం వెలగలేదు.

వెళ్ళి చూస్తే గొలుసు భద్రంగా ఉంది, తాళం భద్రంగా ఉంది. బ్యాటరీయే పొట్ట ఉబ్బి, నిలువునా పగిలి ఉంది. పక్కవాళ్ళదీ అంతే, ఆ పక్కవాళ్ళదీ అంతే.

తెక్లా వంగి చూసింది.

"బాగా రాటుదేలింది," అంది.

ఇది కచ్చితంగా ఎయినార్ పనే, పోతూ పోతూ ఏదో చేసి పోయుంటాడని తిట్టుకుంటూ, వాసిల్ కొత్త బ్యాటరీ కోసం ఊళ్ళో బెర్నిస్ నడిపే సామాన్ల కొట్టుకి వెళ్ళాడు.

అంతమందివీ ఒక్కసారే పగిలాయని విని బెర్నిస్ ఆశ్చర్యపోలేదు. ఈసారి ఎయినార్ లేడు కదా అంది.

దొంగ లేకపోతే లోటేంటన్నాడు వాసిల్.

 అప్పుడు ఆవిడ చెప్పుకొచ్చింది. ఎయినార్ ఏటా చలి మొదట్లో తన దగ్గరే బ్యాటరీల్లో పోసే నీళ్ళ డబ్బాలు కొనేవాడట. ఒడ్డున ఉన్నవన్నీ తన ఇంటి నేలమాళిగలో చెక్కల మీద వరసగా పెట్టుకుని, చలికాలమంతా ఒక్కోదానికీ వంతులవారీగా ఛార్జింగ్ పెట్టేవాడట. మేలో వీళ్ళొచ్చే ముందే ఎవరిది వాళ్ళ ట్రైలర్‌లో బిగించేసేవాడట.



"మరి నేను పట్టుకున్నప్పుడు ఆ ముక్క చెప్పొచ్చుగా?"

"నేనూ అదే అడిగా. చెప్పేస్తే మేలో నీ ఉపన్యాసం ఉండదన్నాడు. చలికాలమంతా ఒంటరిగా ఉండే మనిషికి, ఏడాది మొత్తానికి కడుపారా నవ్వుకోవడానికి అదొక్కటేనట."

ఎయినార్ చెల్లెలి ఫోన్ నంబరు దొరికిందన్నావు కదా తల్లీ, ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు.