ఊపిరి దారి

గౌతమి ఆ రోజు కూడా పక్క గుమ్మంలోంచే ఆసుపత్రిలోకి వచ్చింది.

అంత చదువు చదివిన డాక్టరమ్మ, తను పనిచేసే ఆసుపత్రిలోకే దొంగలా వస్తోంది. కారణం ముందు గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చునే పెంటయ్య.

"వచ్చాడా?" అని నర్సు ఉషారాణిని అడిగింది.

"వచ్చాడు మేడమ్. డయాలసిస్‌కే గదా, రాకుండా ఎలాగుంటాడు?"

"డయాలసిస్ గది ఆ చివర కదా. ముందు గుమ్మం దగ్గర కూర్చోవడం ఎందుకు?"

ఎందుకో గౌతమికి తెలుసు.

జీడితోటలు పూతకొచ్చిన రోజుల్లో పెంటయ్య తన భార్య నారాయణమ్మను ఆటోలో వేసుకొచ్చాడు. మనిషి అప్పటికే ఎగశ్వాస తీస్తోంది. గౌతమి కొత్తగా ఉద్యోగంలో చేరింది, పక్కన పెద్ద డాక్టరు ఎవరూ లేరు. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే ముంజేతి మీద ‘పెంటయ్య’ అని పచ్చబొట్టు కనిపించింది. నాడి మాత్రం దొరకలేదు.

వెంటనే గొంతులో గొట్టం వెయ్యాలి. నాలుకను పక్కకు నెట్టి లోపలికి చూసే ఉక్కు పరికరం నోట్లో పెట్టింది. గొట్టం దిగింది. గాలి కొడితే ఛాతీ లేవలేదు, కడుపు లేచింది.

ఊపిరి దారి అనుకుని అన్నం దారిలో వేసింది. తీసి మళ్ళీ వేసేసరికి అంతా అయిపోయింది.

చుట్టాలు నానా మాటలూ అన్నారు. అద్దాలు పగలగొడతామన్నారు. వాళ్ళందర్నీ గౌతమి మరిచిపోయింది. అరవనిది పెంటయ్య ఒక్కడే. గోడకి ఆనుకుని, ఆమె చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆ చూపు ఆమెను వదల్లేదు. అన్నం కలుపుకుంటుంటే వేళ్ళ మీద ఉండేది. జడ అల్లుకుంటుంటే ఉండేది.

ఆ తర్వాత గౌతమి గొట్టం ముట్టుకోలేదు. ఊపిరాడని కేసు ఏదొచ్చినా "శ్రీకాకుళం తీసుకెళ్ళండి" అనేసేది. వాళ్ళలో ఎంతమంది ప్రాణాలతో అక్కడికి చేరారో కనుక్కునే ధైర్యం కూడా లేకపోయింది.

పెంటయ్య ముఖంలోకి మాత్రం ఏనాడూ తలెత్తి చూడలేదు.

ఒక రోజు అతను పక్క గుమ్మం దగ్గరే కాచుకున్నాడు.

"తల్లీ, ఒక్క మాట."

గౌతమి నేల చూస్తూ నిలబడింది. అరిగిన చెప్పులు, నీరు పట్టి వాచిన పాదాలు కనిపించాయి.

"ఆ గొట్టం ఎయ్యడం వొచ్చీసిందేటి?"

ఎత్తిపొడుపు అనుకుంది. ఒళ్ళు మండింది.

"బొమ్మ మీద నేర్పుతారు."

"బొమ్మా మడిసీ ఒకటేనేటి?"

"కాదు. అయితే ఏం చెయ్యమంటారు? తప్పులు చేసుకోమని గొంతు అప్పజెప్పేవాళ్ళు ఎవరున్నారు?"

పెంటయ్య పాదాలు చెప్పుల్లో ఒకసారి కదిలాయి.

"అదీ నిజిమేలే" అన్నాడు. "ఇదడుగుదారనే ఆ బెంచీ మీద కూకుంతన్నాను. నువ్వేమో ఇటేపు నించి వొచ్చెళిపోతావు."

పాదాలు మెల్లగా వెనుదిరిగాయి.

వానలు పడే వేళకి బెంచీ ఖాళీ అయింది. ఎందుకని గౌతమి ఎవర్నీ అడగలేదు. పీడ విరగడైంది అనుకుంది, నిజం చెప్పాలంటే. ముందు గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది. అయినా ఆ ఖాళీ బెంచీ దాటేటప్పుడు చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకునేది.

ఆ నెలలోనే చిన్న ఆసుపత్రుల డాక్టర్లకి శ్రీకాకుళంలో శిక్షణ పెట్టారు. ఒంట్లో బాగాలేదని తప్పించుకోవాలని చూసింది. కుదర్లేదు.

నేర్పేది ఝాన్సీలక్ష్మి మేడమ్. ఆమె చేతిలో కొత్త రకం గొట్టం ఉంది. దాని చివర మెత్తటి దొప్పలాంటిది.

"దీంతో గొంతులోకి తొంగిచూసే పని లేదు. నాలుక మీదుగా జారిస్తే ఊపిరి దారి మూతి మీద అదే వెళ్ళి కూర్చుంటుంది. చెయ్యి తిరగనివాళ్ళ కోసమే చేశారు."

బల్ల మీద బొమ్మ లేదు. మనిషి ఉన్నాడు.

"చనిపోయాక తన శరీరం తీసుకోమని చెప్పి వెళ్ళిన పెద్దాయన. మందులు పెట్టి మెత్తగా ఉంచాం. పేరు మేం చెప్పకూడదు. దండం పెట్టుకుని మొదలుపెట్టండి."

నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లగుడ్డ కప్పారు. మెడ కిందంతా దుప్పటి. నోరొక్కటే కనిపిస్తోంది.

గౌతమి వంతు వచ్చింది. గొట్టం నాలుకను మడిచేసి ఆగిపోయింది.

"నా వల్ల కాదు మేడమ్."

"తియ్యి. మళ్ళీ వెయ్యి. ఎన్నిసార్లు తప్పు చేసినా ఆయనేం అనుకోరు. అందుకే వచ్చి పడుకున్నారు."

మళ్ళీ వేసింది. తప్పింది. మళ్ళీ వేసింది. ఈసారి లోపల ఏదో అమరినట్టు వేళ్ళకి తెలిసింది. గాలి సంచి నొక్కింది.

ఛాతీ లేచింది.

కడుపు కాదు, ఛాతీయే. నమ్మలేక మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది. గౌతమికి ఏడుపు ఆగలేదు. ఇక ఎవర్నీ ఆటోలో తిప్పి పంపక్కర్లేదు.

"మీరెవరో గాని, మీ రుణం తీర్చుకోలేను" అంటూ చేతులు జోడించింది.

దుప్పటి అంచు కింద నుంచి ఆయన ఎడమ చెయ్యి పక్కకు జారి ఉంది. సరిగ్గా పెడదామని పట్టుకుంది.

డయాలసిస్ సూదులకి బుడిపెలు కట్టిన ఆ ముంజేతి మీద, పాతబడిన పచ్చ అక్షరాల్లో ‘నారాయణమ్మ’ అని ఉంది.